తాడు దాటిన పెద్దత్త

మా పెద్దత్త పోయిందని కోవిల్‌పట్టి నుంచి ఫోనొచ్చింది. విరుదునగర్‌లో బస్సెక్కాను గాని ఏడుపు రాలేదు. చావింట్లో కూర్చున్నవాళ్ళ మాటలు విన్నాక కోపం మాత్రం వచ్చింది. "నోరు చెడ్డది గాని మనసు మంచిది" అని ఒకరి తర్వాత ఒకరు అంటున్నారు, ఆమెకేదో మార్కులు కలిపి పాస్ చేయించినట్టు. ఆ నోరే నన్ను కొండెక్కించిందని వీళ్ళలో ఎవరికి తెలుసు?

తొంభైల చివర్లో మా వైపు ఏటా కొండ పరుగు పెట్టేవారు. ఊరి బయట మైదానంలో మొదలుపెట్టి, కరువేలం తుమ్మముళ్ళ మధ్య కాలిబాటన కొండెక్కి, అవతల దిగి, చుట్టూ తిరిగి మళ్ళీ అక్కడికే రావాలి. మధ్యాహ్నం పన్నెండు లోపల రానివాళ్ళ పేరు కొట్టేసి, ట్రాక్టర్‌లో వేసుకొచ్చేవారు. మొదటి ఏడు నేను ఆ ట్రాక్టర్‌లోనే వచ్చాను. మరుసటి ఏడు మా నాయన తేల్చి చెప్పాడు. ఈసారీ బండిలో వస్తే ఇంక పరుగు మాట ఎత్తకూడదు. పైగా ఆడపిల్ల ఒంటిగా కొండకు పోకూడదు, వాళ్ళక్కను, అదే మా పెద్దత్తను, తోడు తీసుకుపోవాలి. అత్త మైదానంలో కూర్చుంటుందని ఆయన అనుకున్నాడు. ఆమె చీర ఎగ్గట్టి, చెప్పులు విడిచి, నా పక్కన నిలబడింది.

ఈల ఊదగానే అందరూ ఉరికారు. అత్త నా జడ పట్టుకుంది.

"యాడికే? కొండ యాడికీ పొయ్యేది లేదు. నడువు."

అందరూ మమ్మల్ని దాటిపోతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఎక్కినంతసేపూ తిట్లే. పరుగెత్తితే తిట్టింది, నిలబడితే తిట్టింది. ఉండబట్టలేక నేనూ తిరిగి తిట్టాను.

"తిట్టేదానికి ఊపిరుందా? అట్లైతే సరిగ్గానే పోతా ఉండావు" అంది.

కొండ మీద కొంగుముడి విప్పి కరుపట్టి తాటిబెల్లం ముక్క నా నోట్లో కుక్కింది. "ఇప్పుడు పరిగెత్తు" అంది. దిగుడులో చూస్తే, పొద్దున ఎగిరెగిరి పోయినవాళ్ళు బండల మీద కూలబడి ఉన్నారు.

మైదానం అంచున తాడు కట్టారు. ఒక పెద్దమనిషి చెయ్యి అడ్డం పెట్టి, తోడొచ్చినవాళ్ళు ఇక్కడే ఆగాలన్నాడు. నా కాళ్ళు కూడా ఆగిపోయాయి. అత్త అతని మీద అరవంలో విరుచుకుపడింది. నడిదోవలో దిగబెట్టేదానికా నేను వచ్చింది, నీ ఇంటి ఆడకూతురినైతే అట్లా చేస్తావా అని అడిగి, తాడు కింద దూరి, వీపు మీద చరిచి నన్ను గీత దాటించింది. ఇంకా పన్నెండు కాలేదు. నాకు చప్పట్లు కొట్టారు, దండ వేశారు. ఆమెకు గుక్కెడు నీళ్ళిచ్చిన మనిషి లేడు. ఆ కోపం నాకింకా పోలేదు, పోవాలని కూడా లేదు.

ఆ తర్వాత నా పరుగుకు నాయన అడ్డం చెప్పలేదు. నేను విరుదునగర్‌లో కాపురం పెట్టాక అత్త అప్పుడప్పుడూ వచ్చేది. మిరపకాయల మండీల ఘాటుకు తుమ్ముకుంటూ, ఊరు ఊరంతటినీ తిట్టుకుంటూ మెట్లెక్కేది. ఆ తుమ్ము వినబడితే చాలు, నేను పొయ్యి మీద కాఫీకి నీళ్ళు పెట్టేదాన్ని.

పాడె లేచింది. వీధి చివర నాయన అడ్డం నిలబడ్డాడు.

"ఆడోళ్ళు ఇంతటితో నిలవండి. పొద్దు పొయ్యే లోపల ముగించాల."

మా ఆడవాళ్ళు ఎప్పుడూ ఆగేది అక్కడే. అందరూ ఆగారు.

"నేను వస్తాను నాయనా."

"ఊరు నవ్వుతుందే."

"నవ్వనీ."

ఆయన చెయ్యి పక్కకు తోసి నడిచాను. మోసేవాళ్ళు పొద్దుకు భయపడి ఉరుకుతున్నారు, అత్త తల అటూ ఇటూ ఊగుతోంది. ఒళ్ళు మండి, "ఎవురు తరుముతా ఉండారురా మిమ్మల్ని? మెల్లిగా పోండి" అని గట్టిగానే తిట్టాను. వాళ్ళు వెనక్కి చూశారు. అడుగు తగ్గించారు. నేను ముందుకు పోయి, పాడె పక్కన, ఆమె తల దగ్గర అడుగు కలిపాను.