చీరల కంచెలో సందు

దర్శి దాటాక మలుపులో మా కారుకు అడవిపంది అడ్డొచ్చింది. డ్రైవరు బ్రేకు తొక్కగానే నా తల ముందు సీటుకు కొట్టుకుంది. పంది మాత్రం తాపీగా పక్కనున్న మొక్కజొన్న చేలోకి పోయింది. పందులు రాకుండా ఆ చేను చుట్టూ పాత చీరలు కట్టారు గానీ, మలుపు దగ్గర సందు వదిలేశారు.

ఒళ్లు మండి, గట్టుమీదున్న రైతావిడను అడిగాను. "ఈ సందు వదిలారేంటమ్మా?"

"నేనే విప్పాను బాబూ. అంతా కట్టేస్తే చేలోకి దారి దొరక్క రోడ్డు మీదే అటూ ఇటూ ఉరికేవి. పోయినేడు ఒకటి మా ఆయన బండికి అడ్డంపడింది."

"దెబ్బలేమన్నా తగిలాయా?"

"ఇక్కడే పోయాడు."

చేలో కంకులు విరుగుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది. ఆవిడ అదిలించలేదు.

"తిననీ బాబూ. అప్పుడు సందు లేకుండా కట్టింది నేనే."