అవతలి జట్టుకు నేను కొట్టించిన గోలు

ఒకే ఒక్క మాట అరిచి, ఒక జట్టు కష్టాన్నీ ఒక బడి ఆటస్థలాన్నీ అర నిమిషంలో ముంచిన ఘనుడిని నేను. తారీఖుతో సహా డైరీలో ఉంది, కాబట్టి దాచను. అలాగని క్షమాపణా అడగను.

హైదరాబాదులో కాలేజీ జట్టుకు ఫుట్‌బాల్ ఆడాను. ఆడానంటే, గీత బయట కూర్చుని, లోపలివాళ్లు ఎలా ఆడాలో డైరీలో రాశాను. అలాంటివాడు కోచ్ కాక ఇంకేమవుతాడు? చెన్నూరు వైపు ఒక బడిలో నాలుగేళ్లు డ్రిల్లు మాస్టరుగా ఉండి, నా ఎత్తులన్నిటికీ అంకెలు వేసి పిల్లలకు నూరిపోశాను. "పదకొండు" అంటే చాలు, బంతి మగ్గంలో నాడెలా ఎడమ నుంచి కుడికి దూసుకుపోయేది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మెట్‌పల్లి వైపు బదిలీ అయింది. డైరీ వెంట తెచ్చుకున్నాను. అంకెలు మార్చలేదు. మంచి అంకెలను ఎందుకు మార్చాలి, మీరే చెప్పండి.

అక్కడి హెడ్మాస్టరు గారికి ఆటలంటే గిట్టదు.

"మాస్టరూ, గీ జాగంత ఉత్తగ పడున్నది. తోట పెడ్తె హాస్టల్ పిల్లలకు కూరన్న అయితది."

"మరి పిల్లలు యాడ ఆడాలె సార్?"

"రెండు జిల్లాల పోటీల కప్పు తే. గ్రౌండు నీది. తేకుంటె నాగలి నాది."

ఫైనల్లో ఎదురైంది నా పాత బడే. వాళ్ల కెప్టెన్ యూసుఫ్ నవ్వుతూ వచ్చాడు.

"సలాం సార్. అంకెలు గవేనా?"

"నీకెందుకురా?"

"ఊకెనే సార్."

నేను "ఏడు" అని అరిస్తే, మావాళ్లకంటే ముందే వాళ్లు అక్కడ బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడేవారు. ఒక గోలు కూడా కొట్టేశారు. మా కెప్టెన్ రాజేశం గీత దగ్గరికి ఉరికొచ్చాడు.

"సార్, మీరు జర ఊకోండ్రి. మేమే ఆడుకుంటం."

ఊకున్నాను. మావాళ్లు వెంటనే గోలు కొట్టి సమానం చేశారు.

ఇంకా రెండు నిమిషాలుంది. బంతి యూసుఫ్ కాళ్ల దగ్గర ఉంది. అతని కుడివైపు, సంత ఎత్తేసినంత ఖాళీ. నాలుగేళ్లు నేర్పిన పిల్లవాడు, ఆ ఖాళీని చూడడే. గీత దాకా ఉరికాను.

"పదకొండు, యూసుఫ్, పదకొండు!"

వాడు చెప్పినట్టే చేశాడు. గోలు.

రాజేశం నా ముందుకొచ్చి మెల్లగా అడిగాడు. "సార్, మీరు గిప్పుడు ఏ బడి సారు?"

వెనకే హెడ్మాస్టరు గారు. "అరిచింది నువ్వేనా?"

"నేనే సార్. ఆడ జాగ ఖాళీగ ఉండె. వాడు చూస్తలేడు."

"మన గ్రౌండు గూడ ఖాళీగనే ఉన్నది. రేపు నాగలొస్తది."

వచ్చింది. నేను గోలు గుంజల నడుమ కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నా మీద కోపంతో ఉన్న పిల్లలే నా వెనక కూర్చున్నారు.

"లే మాస్టరూ. ఓడినవ్ గద."

"కప్పు తెమ్మన్నరు సార్. నేను నేర్పిన పిల్లలే తెచ్చిండ్రు."

"వాళ్ల ఊరికి తెచ్చుకున్నరు."

"ఏ ఊరికో మీరు చెప్పలే."

మిట్టమధ్యాహ్నం దాకా నేను లేవలేదు, ఆయన పోలేదు. చివరికి సగం దున్నించి, సగం వదిలేశారు. మిగిలిన సగంలోనే రాజేశం జట్టు మళ్లీ ఆట మొదలుపెట్టింది.

ఆనాడే డైరీలో సంతకం పెట్టి ప్రతిజ్ఞ రాసుకున్నాను: ఇకమీదట బంతి అవతలివాడి దగ్గరుంటే నోట్లో రుమాలు కుక్కుకుంటాను. తప్పు చేశానని మాత్రం రాయలేదు. అంత చక్కటి గోలును తప్పని ఎలా రాస్తాను?