చెరకు లేని కాలానికి ఒక ప్రయాణం

నా మూడో నవల అచ్చుకు వెళ్లే ముందు, అందులో చంద్రి పరుగెత్తిన దారిని ఒకసారి కళ్లారా చూడాలనిపించింది. తెల్లదొరల కాలపు సాహస కథలు రాస్తున్నాను. నిజాం రాజ్యానికి రైలు ఇంకా రాని రోజుల్లో, కొప్పులో ఉత్తరాలు దాచుకుని తిరిగే పిల్ల చంద్రి. ఈ కథలో ఆమె బోధన్ చెరకు తోటల్లో దాక్కుంటుంది. దొర పంపిన గుర్రపు సవారులను తప్పించుకుని కందకుర్తి దగ్గర గోదావరి దాటుతుంది. బొమ్మలు మా చెల్లెలు విజయవి. నాలుగు నెలలు కూర్చుని పన్నెండు వేసింది. తొమ్మిదింట్లో చెరకే. ముఖచిత్రం నిండా చెరకే. ఆమె వేసిన మొదటి ముఖచిత్రం అది.

పుష్యమాసం. విజయా నేనూ కరీంనగర్‌లో తెల్లవారుజామున ఐదున్నర బస్సు ఎక్కాం. ఎక్స్‌ప్రెస్‌లో ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బుల్లేవు. ఆర్మూర్ దగ్గర పడుతుండగా పసుపు ఉడకబెడుతున్న వాసన పొగమంచులో కలిసి కిటికీలోంచి వచ్చింది. జపమాల చేతిలో ఉండగానే కన్ను మూతపడింది. ఆ సగం నిద్రలో మంచులో ఎవరో బస్సు పక్కనే పరుగెత్తుతున్నట్టు, కొప్పు మీద చెయ్యి అదిమి పట్టుకున్నట్టు అనిపించింది. కళ్లు తెరిస్తే విజయ తల నా భుజం మీద ఉంది.

తొమ్మిదిన్నరకు నిజామాబాద్. బస్టాండు బయట ఇడ్లీ తిని, చాయ్ తాగి, బోధన్ బస్సెక్కి ముప్పావు గంటలో ఎడపల్లిలో దిగాం. చెరకు తోటలు సముద్రంలా ఉంటాయనుకున్నాం. ఎటు చూసినా నీళ్లలో వరినాట్లు. వాటి మధ్య ఒకే ఒక్క చెరకు మడి, మంచు ఆరని ఆకులతో నిలబడి ఉంది. గట్టున ఒక ముసలమ్మ ఎండకు కూర్చుని కందికాయలు ఒలుస్తోంది. పేరు లక్ష్మవ్వ అని చెప్పింది.

“అవ్వా, తెల్లోళ్ల కాలంల గీ చెరకు ఎంత దూరం ఉండేది?” అని విజయ అడిగింది.

“అప్పుడేం చెరకు? కాలువ వచ్చినంకనే గద బిడ్డా చెరకు వచ్చింది. మా అత్త చెప్పేది, ఆమె చిన్నప్పుడు తవ్విన్రట. చెరువు కింద ఒకటో రెండో మడులుంటే ఉండొచ్చు. గీడ అంత జొన్ననే.”

విజయ నా వైపు తిరిగింది. “ఎవరికి తెలుస్తది అక్కా? కథనే గదా.”

“నాకు తెల్వదా?” అంది లక్ష్మవ్వ.

జొన్నచేలోనైనా చంద్రి దాక్కోగలదా అని అడిగాను. కథంతా విని ఆమె నవ్వింది. “గుర్రం మీదోనికి జొన్నచేన్ల నెత్తి కనబడతది. గా పిల్లకు దాక్కునుడెందుకు? మంచె ఎక్కి పిట్టల కొట్టమను. మంచె మీది ఆడపిల్లను ఎవడు సూస్తడు? చేనుకొకతి ఉంటది. నేను గూడ ఉన్న.”

గింజ పాలుపోసుకునే రోజుల్లో చేను నడుమ నాలుగు గుంజల మీద మంచె వేసేవారట. దాని మీద నిలబడి వడిసెలలో రాయి పెట్టి తిప్పి విసురుతూ, కేకలేస్తూ పిట్టలను తోలడం ఆడపిల్లల పని. నా లోపల ఆ చేను మెల్లగా తెరుచుకుంది. అందరికీ కనిపించేంత ఎత్తున చంద్రి. కింద ఆమెనే వెతుకుతూ సాగిపోయే సవారులు. కాని సంతోషించలేకపోయాను. విజయ బొమ్మల సంచి మూసేసింది.

బస్సులో బోధన్ చేరి, అక్కడినుంచి కందకుర్తికి యూసుఫ్ భాయి ఆటో మాట్లాడుకున్నాం. ఆగి ఉండి తిరిగి తెచ్చేందుకు ఏడు వందలు. నలభై నిమిషాల దారిలో విజయ అటువైపు చూస్తూ కూర్చుంది, నేను ఇటువైపు. అద్దంలో చూసి ఆయనే అడిగాడు. “ఏంది అక్కా, ఇద్దరు లొల్లి పెట్టుకున్నరా?”

“పెట్టుకుంటే బాగుండు భాయ్,” అంది విజయ. “మా అక్క లొల్లి పెట్టుకోదు. సప్పుడు చెయ్యకుంట గెలుస్తది.”

మధ్యాహ్నానికి సంగమం దగ్గర ఉన్నాం. మంజీర ఎక్కడ ఆగిందో గోదావరి ఎక్కడ మొదలైందో తెలియని నీళ్లు. మధ్యలో పాత రాతి గుడి తేలుతున్నట్టే ఉంది. కాళ్లు తడుపుకుని దీపం వదిలాను. ఏం అడగాలో తెలియలేదు. చెరకు ఉంచితే కథ అబద్ధం. తీసేస్తే నా చెల్లెలి నాలుగు నెలలూ నీళ్లపాలు. ఇంట్లో పెద్దదాన్ని, చిన్నప్పటినుంచీ అందరి మాటా నేనే తేల్చాను. ఈ ఒక్కటి తేల్చకుండా ఉండే బలమిమ్మని అడిగాను.

“బొమ్మలు నీవి విజయా. నువ్వు ఎట్ల అంటే అట్లనే.”

“చెరకు ఉంచుమన్నా ఉంచుతవా?”

“ఉంచుత.”

ఆమె నీళ్ల వెంట చాలా దూరం నడిచి వెళ్లింది. నేను సహస్రనామం పూర్తి చేశాను. విజయ తిరిగి వచ్చేసరికి ఆమె చీర మోకాళ్ల దాకా తడిసి ఉంది.

“వడిసెల ఏ చేత్తోని తిప్పుతరు? నువ్వు అడగనే లేదు.”

“నేనెందుకు అడుగుత? బొమ్మలు నావా?”

నవ్వింది. ఏడ్చిన కళ్లతోనే.

యూసుఫ్ భాయి ఇంకో రెండు వందలకు మమ్మల్ని ఎడపల్లిలో దించాడు. అప్పటికి నాలుగు. లక్ష్మవ్వ తువ్వాలను రెండుగా మడిచి, మట్టిపెళ్ల పెట్టి, కుడిచేత్తో తల మీదుగా మూడుసార్లు తిప్పి ఒక కొస వదిలి కేకేసింది. ఎనభై దాటిన గొంతు. చెరకు మడిలోంచి పిట్టలు గుంపుగా లేచాయి. “మల్లొక్కసారి అవ్వా!” అంటూ విజయ నిలబడే గీసింది. మసక పడేదాకా గీసింది. అచ్చు వేసేవాళ్లకు అక్కడినుంచే ఫోన్ చేసి, పుస్తకం మూడు నెలలు ఆలస్యమని చెప్పాను.

పాతకాలం గురించి రాసేటప్పుడు మన కాలపు పొలాలనే వాళ్ల కాళ్ల కింద పరిచేస్తాం. నేనూ అదే చేశాను. నేల మాత్రం ఏది ముందో, ఏది వెనకో మరిచిపోలేదు. అడిగితే చెప్పడానికి గట్టున ఒకరిని కూర్చోబెట్టింది. ఆ పూట నా చెల్లెలు పోగొట్టుకున్నది నేను తిరిగి ఇవ్వలేను. ఆమె అడగనూ లేదు.

మీరూ ఇలాంటి పని మీద వెళ్తే ఒక్క మాట: మీ కథ జరిగే నెలలోనే వెళ్లండి. బొమ్మలు వేసేవాళ్లను వెంట తీసుకెళ్లండి, మొదటి గీత గీయకముందే.