హెప్సీ అక్క ముందే కోసిన కాయలు

మా వాంపనోగ్ తెగవాళ్ల ఊరు గేహెడ్‌లో, నేలతీగలకు కాసే ఎర్రటి పుల్లపళ్లు క్రాన్‌బెర్రీలు ఎప్పుడు కోయాలో చెప్పేది హెప్సీ అక్క. అక్టోబరు వచ్చాక ఒక పండు కొరికి, గింజ రంగు చూసి, "ఇక పదండి" అనేది. అంతే, పిల్లలకు బడి లేదు, ఇసుక దిబ్బల వెనక చిత్తడి బాడవకు బండ్లు కదిలేవి. ఆ మాట రాకముందు ఒక్క కాయ ముట్టినా ఊరుకునేది కాదు. సొంత తమ్ముడు ఆర్థర్ ఓసారి తొందరపడితే బుట్ట బోర్లించి, వాడి చేతే ఒక్కొక్కటీ ఏరించింది. "తీగ ఇచ్చేదాకా ఆగలేనివాడికి మందెందుకురా, తిండెందుకురా!" అని ఊరంతా వినేలా తిట్టింది.

ఆ పళ్లే ఆమె మందుల పెట్టె. గాయమైతే నూరి కట్టేది. మూత్రంలో మంటంటే ఎండబెట్టినవి కాచి తాగించేది. ఒక ఏడు ఆగస్టులో నాకూ ఆ బాధ వచ్చింది. సీసా అడుగున మిగిలిన గుప్పెడూ నా దోసిట్లో పోసింది.

"మరి నీకో?" అన్నాను.

"నాకేం రోగమే, గుండ్రాయిలా ఉంటేను!"

సెప్టెంబరు నెలాఖరున, రొట్టె ఇచ్చే వంకతో వాళ్లింటికి వెళ్లాను. వంకే, కాదనను. మూడు రోజులుగా ఆమె పొగగొట్టం ఆగకుండా పొగ కక్కుతోంది. చూసి ఊరుకునే గుణం నాకు లేదు. మెట్ల మీద ఒక కాయ కనిపించింది. సగం ఎరుపు, సగం తెలుపు, ఇంకా పండనిది. గుమ్మం పక్కన బూట్లకు బాడవ నల్లమట్టి ఇంకా ఆరలేదు.

హెప్సీ అక్క కట్టు తప్పిందంటే ప్రాణం మీదికి వచ్చి ఉండాలి.

లోపల పొయ్యి మీద గిన్నెలో కాయలు ఉడుకుతున్నాయి. ఆమె దుప్పటి కప్పుకుని కుర్చీలో వణుకుతోంది.

"ఎన్నాళ్లయింది అక్కా?"

"ఏది?"

"మంట."

"నీ ముక్కు కోసి ఎండబెట్టాలే ఆల్మా. దూరని ఇల్లు లేదు!"

"అలాగే కోద్దువుగాని, ముందు ఇటు తిరుగు." నడుం మీద చెయ్యి వేస్తే కెవ్వుమంది. ఒళ్లు పెనంలా కాలిపోతోంది.

"ఆస్పత్రికి పోదాం."

"ఊరందరికీ మందిచ్చినదాన్ని. నా మందు నాకే పారలేదని చెప్పుకోనా? పైగా కాయలెక్కడివంటే ఏం చెప్పను?"

"బతికుంటే ఏదో ఒకటి చెబుదువులే."

"ఆర్థర్‌కి మాత్రం చెప్పకే."

మా వాడలో ట్రక్కున్నది ఆర్థర్‌కే. వెళ్లి చెప్పాను. వాడు వచ్చి గిన్నెలోకి చూశాడు, గట్టు మీద పళ్లెంలో ఉన్న పచ్చికాయల్నీ చూశాడు.

"ఒక్కొక్కటీ ఏరిద్దామా అక్కా?" అని నవ్వబోయి, నవ్వలేక, ఆమెను చంటిపిల్లలా ఎత్తుకున్నాడు.

జబ్బు మూత్రపిండాలకు పాకిందన్నాడు డాక్టరు. "ఇంకో రెండు రోజులు ఆ కషాయంతోనే కూర్చుని ఉంటే..." అని ఆపేశాడు. పన్నెండు రోజుల తర్వాత ఇల్లు చేరిన మనిషి సగమైంది.

కోత రోజు జనం ఆమె గుమ్మం ముందు నిలబడ్డారు. పండు కొరకమని ఆర్థర్ చేతికిచ్చాడు. ఆమె తిరిగి వాడి చేతిలోనే పెట్టింది.

"ఈ ఏడు నా నోటికి ఆ హక్కు లేదు. నువ్వే కొరుకు. ఆ పళ్లెం తీసుకెళ్లి, అందరి ముందూ తీగల్లో పోసెయ్. ఎవరు కోశారో కూడా చెప్పు."

ఆర్థర్ కొరికాడు. "పదండి" అన్నాడు. బండ్లు కదిలాయి.

నేను ఆమె దగ్గరే ఉండిపోయాను. చాలాసేపు కిటికీలోంచి చూసి అడిగింది:

"గింజ గోధుమరంగుకు తిరిగిందో లేదో చూశాడంటావా?"

"చూశాడక్కా" అన్నాను.

వాడు చూడకుండానే మింగేశాడు.