దూడకు విడిచిన పాలు

పందొమ్మిది వందల యాభైల్లో మేము హైదరాబాదులో యాకుత్‌పురా స్టేషన్ దగ్గర ఉండేవాళ్లం. మా వారు పశువుల డాక్టరు. ఆయన అక్క, నాకు వదినె, భర్త పోయాక మాతోనే ఉండేది. మా వెనక గోడను ఆనుకుని ఒక పాలాయన కొట్టం ఉండేది. మా ఇంటికి పాలు అక్కడినుంచే వచ్చేవి.

ఒక చలికాలం ఆయన బర్రె ఈనింది. మగదూడ. పాలన్నీ పిండుకుంటే దానికేం మిగులుతాయి? కొన్నాళ్లకే చచ్చిపోయింది. దూడ లేక బర్రె పాలు చేపడం మానేసింది. పాలాయన దూడ తోలు ఒలిపించి, గడ్డి కుక్కి, కాళ్లకు కర్రలు గుచ్చి దాని ముందు నిలబెట్టాడు. బర్రె ఆ తోలును నాకుతూ మళ్లీ చేపింది. బట్టలారేయడానికి డాబా ఎక్కిన వదినె అది చూసింది. ఆ రోజునుంచి పాలు, పెరుగు, చాయ్ ముట్టలేదు.

మా వారు విసుక్కున్నారు గాని ఊరుకోలేదు. పాలాయనతో మాట్లాడి కొట్టానికి ఎండ తగలకుండా తడకలు కట్టించారు. బర్రెను కొట్టొద్దని, ఈసారి దూడ పుడితే రెండు చన్నులు దానికే విడవాలని ఒప్పించారు.

"ఇగ తాగక్కా. బర్రెను మంచిగనే చూసుకుంటున్నడు," అన్నారు ఒకరోజు అన్నం దగ్గర.

"మంచిగ చూసుకుంటె పాలు మనయైతయా తమ్మీ? అవి దాని బిడ్డయి."

"లోకమంత పాలు బంద్ చేస్తదా? అయ్యేది చెప్పు. దాని దెబ్బలు తగ్గియ్యొచ్చు, ఆకలి తగ్గియ్యొచ్చు. నా చేతనైంది గంతే."

"నువ్వు చేసేది తప్పనలే. గంతటితోని అయిపోయిందనుకోకు అంటున్న."

నేను పక్కనే కూర్చుని వింటున్నాను. ఒళ్లో చంటిపాప. నా పాలు చాలక దానికి ఆ బర్రె పాలే పట్టేదాన్ని. ఆ పాలు కాచి చల్లార్చేది మాత్రం వదినే. ఆ పని ఏనాడూ నాకు వదిలిపెట్టలేదు.

ఆ తర్వాతి ఈతలో కూడా మగదూడే పుట్టింది. పాలాయన మాట తప్పలేదు. దూడ నిగనిగలాడుతూ పెరిగింది. మా వారు సాయంత్రం ఇంటికి రాగానే వదినెను పిలిచి గోడమీంచి దాన్ని చూపించేవారు. అలా చూస్తూనే ఒకసారి ఆమె అడిగింది.

"దాన్ని మనం తెచ్చుకుందాం తమ్మీ. జర పెద్దగైతె అమ్ముకుంటడు."

"ఒక్కదాన్ని తెస్తె ఏమైతదక్కా? తెచ్చి ఎక్కడ కడ్తం?"

ఆమె మళ్లీ అడగలేదు.

ఎండలు ముదిరాక ఒక పొద్దున చూస్తే కొట్టంలో దూడ లేదు. బర్రె ఒకటే అరుస్తోంది. మా వారు వెళ్లి అడిగారు. గోడకు ఇవతల నిలబడి నేను విన్నాను.

"దున్నతోని నాకేం పని డాక్టర్ సాబ్? కోతకు అమ్మిన," అన్నాడు పాలాయన. అతని గొంతులో తప్పు చేసిన జంకు లేదు. "మీరు చెప్పినట్లే చేసిన గదా. కొట్టలే, కడుపు మాడ్పలే. మంచిగ బలిసింది, అందుకే జల్ది పోయింది."

మా వారు ఇంట్లోకి వచ్చి చాలాసేపు కాళ్లు కడుక్కుంటూ ఉండిపోయారు. వదినె అన్నం వడ్డించింది. 'ముందే చెప్పలేదా' అని ఒక్క మాట అనలేదు. అనుంటే ఇద్దరూ పోట్లాడుకుని తేలికపడేవారేమో. ఆ వేసవిలోనే ఆమె కరీంనగర్‌లో ఉన్న చిన్న తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయింది. తర్వాత పండక్కో పబ్బానికో వచ్చేది. ఇద్దరూ బాగానే మాట్లాడుకునేవారు, ఆ దూడ సంగతి తప్ప.

చాలా ఏళ్లకు మా వారు ఉన్నట్టుండి అన్నారు: "తెచ్చుకోవాల్సింది. మన పెరట్ల బాయి పక్కన జాగా ఉండె."

"ఈ మాట వదినెకు చెప్పండి," అన్నాను.

"ఈసారి వచ్చినప్పుడు చెప్త," అన్నారు. ఆమె మళ్లీ రాలేదు. దసరాకు వస్తుందని ఎదురుచూస్తుండగానే, పోయిందని కబురు వచ్చింది.