వాన పడని ఊరు, అన్నం ఉడకని ఊరు

బెజవాడలో ఎక్కిన బస్సులో నా పక్కన కూర్చున్న ఆసుపత్రి నర్సమ్మ ఒళ్ళో ఒక ఫారం, చేతిలో మూత తీసిన పెన్ను ఉన్నాయి. బయట వాన. పెనమలూరు దాటాక ఆవిడ ఉన్నట్టుండి అడిగింది.

“బాబూ, ఉండటానికి లిమా బాగుంటుందా, లాపాజ్ బాగుంటుందా?”

నేను అప్పటికి ఏలూరు దాటి ఎరగను. అయినా అడిగింది కదా అని, “రెండూ కంకిపాడు కంటే కాస్త దూరమండీ” అన్నాను.

ఆవిడ నవ్వలేదు. దక్షిణ అమెరికాలోని ఆ రెండు ఊళ్ళలోనూ మిషన్ ఆసుపత్రులున్నాయట. ఐదేళ్ళు పనిచెయ్యాలి. ఏ ఊరో రాసి, కంకిపాడులో దిగగానే పోస్టు చెయ్యాలి. ఇవాళే గడువు.

“లిమా సముద్రం ఒడ్డునేనట, కానీ వానే పడదట. లాపాజ్‌లో వానలున్నాయి గానీ బాగా ఎత్తు మీద ఊరు. అక్కడ నీళ్ళు మరిగినా అన్నం ఉడకదట. ఐదేళ్ళు పలుకన్నం ఎలా తినను?”

“దానికేముందండీ, కుక్కర్ పట్టుకెళ్ళండి” అన్నాను, నోరూరుకోక.

ఆవిడ నన్ను తేరిపార చూసింది. కిటికీకి దించిన టార్పాలిన్ పైకెత్తి చెయ్యి బయటపెట్టింది. మోచేతి దాకా తడిసింది. నా చొక్కా కూడా తడిసింది గానీ దాన్నెవరూ పట్టించుకోలేదు.

“అన్నానికైతే కుక్కర్ ఉంది” అంది. చెయ్యి చీరకి తుడుచుకుని, లాపాజ్ అని రాసేసింది.

నా మాట మా ఇంట్లో పిల్లి కూడా వినదు, ఆవిడ మాత్రం వినేసింది. ఆ రోజు నుంచి మా అమ్మ కుక్కర్ దించగానే, పిలవకపోయినా వెళ్ళి ఒక మెతుకు నలిపి చూస్తున్నాను. నాకు ఆకలి పెరిగిందని అమ్మ సంతోషిస్తోంది.