రేగులవాయి ఇసుకలో పుట్టు వెంట్రుకలు

ఎండాకాలం ప్రయాణం నాకు సరిపడదు. నీళ్లు కొనాలి, నీడ వెతుక్కోవాలి, పక్క సీటువాళ్ల చెమట మనకే అంటుతుంది. అయినా మొన్న ఎండల్లో పెద్దపల్లి నుంచి నిర్మల్ అవతల ఉన్న రేగులవాయికి పోయి వచ్చాను. నా బిడ్డ సుజాత ఫోన్‌లో ఏడ్చాక పోకుండా ఎట్లా ఉంటాను?

"అవ్వా, బుజ్జి నెత్తి నిండ సెగగడ్డలైనయే. దువ్వెన వెట్టనిస్తలేదు, గోక్కొని గోక్కొని రక్తం తీస్కుంటుంది. ఇంకో వారమైతే మూడేండ్లు నిండుతయి. నువ్వొచ్చి అన్నకు చెప్పు."

బుజ్జి నా మనవరాలు. దాని పుట్టు వెంట్రుకలు ఆ ఊరి నీళ్ల ఒడ్డున గంగమ్మ ముందర తీయిస్తానని సుజాత మొక్కుకుంది. మూడేళ్లు దాటితే మళ్లీ ఐదో ఏడు దాకా ఆగాలి. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టకుండా పిల్లకు మొదటి కత్తెర పెట్టడం మా ఇంట్లో లేదు. మేనమామ అంటే నా పెద్దకొడుకు శంకర్. వాడేమీ గల్ఫ్‌లో లేడు. పక్క ఊళ్లోనే ఉన్నాడు. అదే తంటా.

ప్రాజెక్టు కట్టినప్పుడు రేగులవాయి సగం మునిగింది. మునగని సగం పాత రేగులవాయి. మునిగినవాళ్లకు పక్కనే కట్టించింది కొత్త రేగులవాయి. రెండింటికీ వేరువేరు పంచాయతీలు. సుజాతను పాత ఊరికి ఇచ్చాం, అల్లుడు తిరుపతి అక్కడ వార్డు మెంబరు. శంకర్ కొత్త ఊరికి ఇల్లరికం పోయి అక్కడ ఉపసర్పంచి అయ్యాడు. ఎండాకాలం నీళ్లు వెనక్కి పోతే ఒడ్డున తెల్లటి ఇసుక తేలుతుంది. ఎవరో అక్కడ ఫోటోలు దిగి ఫోన్లలో పెడితే దానికి బీచ్ అని పేరొచ్చింది. పేరుతో పాటే తగాదా వచ్చింది. ఇసుక పాత ఊరివాళ్లది. బండ్లు ఆపే జాగా కొత్త ఊరివాళ్లది.

పొద్దున ఐదున్నర బస్సుకు బయలుదేరాను. చేతిలో ఒక సంచి, ఒక గంప. సంచిలో జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం, రెండు చీరలు, ఇంటి నుంచి నింపిన నీళ్ల సీసా. గంపలో, పైన వల కట్టి, మా ఇంటి కోడిపెట్ట. గంగమ్మకు కోడి కూడా మొక్కే. నిర్మల్‌లో కొనొచ్చు కదా అంటారు. ఎండాకాలం అంగట్లో నాటుకోడి ధర అడిగి, అప్పుడు మాట్లాడండి.

కండక్టరమ్మ నా ఆధార్ కార్డు చూసి జీరో టికెట్ కొట్టింది. తర్వాత గంప చూసింది.

"అవ్వా, నీకు ఫ్రీ. కోడికి మాత్రం టికెట్ తీస్కోవాలె."

"ఇది సుత ఆడదే బిడ్డా. పెట్ట."

"ఆడదైతే ఆధార్ కార్డు జూపియ్యి మరి!"

బస్సంతా నవ్వింది. నేను నవ్వలేదు. ముప్పై రూపాయలు ఇచ్చాను. మీరు పోయేటప్పుడు గంప మీద చీర కప్పండి.

కరీంనగర్‌లో సూపర్ లగ్జరీ ఖాళీగా నిలబడి ఉంది. డ్రైవర్ రమ్మని పిలిచాడు కూడా. దాంట్లో ఆడవాళ్లకు ఫ్రీ లేదు. గంటన్నర కూర్చుని ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. బెంచీ మీద కూర్చోవడానికి ఇంకా పైసలు తీసుకోవడం లేదు.

జగిత్యాలలో ముప్పై ఏళ్ల మనిషి ఒకడు నా పక్కన కూర్చున్నాడు. మస్కట్ నుంచి సెలవు మీద వచ్చాడట, తానూ రేగులవాయి బీచ్ చూడడానికే పోతున్నాడట.

"మస్కట్ల సముద్రం లేదా నాయినా?" అన్నాను.

"ఉంది పెద్దమ్మా. ఆరేండ్లు దాని పొంటే రోడ్డేసినం. పని ఇడిచిపెట్టి కాలు వెట్టనియ్యలే. గీడనన్న వెడుదామని."

"గీడ సుత వెట్టనిస్తలేరు. నేను గా పనిమీదనే పోతున్న."

ఆర్మూర్ దాటి గోదావరి వంతెన ఎక్కగానే అందరూ కిటికీల్లోంచి రూపాయి బిళ్లలు విసిరారు. నేను దండం పెట్టాను. గంగమ్మకు ఇవ్వాల్సింది నా కాళ్ల దగ్గర గంపలో ఉంది, ఆమెకు తెలుసు.

నిర్మల్ చేరేసరికి ఒంటిగంట. బస్టాండులో నీడ చూసుకుని రొట్టె తిన్నాను. అక్కడి నుంచి షేర్ ఆటోకు నలభై. రేగులవాయి దారి చీలే చోట ఒక బోర్డు ఉంది. మొదట దాని మీద రేగులవాయి బీచ్ అని మాత్రమే ఉండేదట. దానికి ముందు కొత్తవాళ్లు 'కొత్త' అని రాశారు. పాతవాళ్లు వచ్చి అది కొట్టేసి 'పాత' అని రాశారు. బాణం గుర్తు ఇటూ ఉంది, అటూ ఉంది. కింద ఇంకెవరో 'బీచ్ లేదు, వాపస్ పోండి' అని రాసిపోయారు. నాలుగో తరగతితో బడి మానేసినదాన్నైనా అక్షరాలన్నీ చదివాను. ఎటు పోవాలో మాత్రం తెలియలేదు.

"నేను రోజుకో దిక్కు పోత అవ్వా, ఎవ్వరితోని తకరారు లేకుండ. ఇయ్యాల కొత్తూరి వంతు" అని ఆటో డ్రైవర్ అటు తిప్పాడు.

దిగింది కొత్త ఊరి పార్కింగ్ మైదానంలో. నాలుగు కార్లు, పది పదిహేను మోటారుసైకిళ్లు. జనం టోకెన్ల కోసం ఆగి, కార్ల పక్కన నిలబడి దూరం నుంచే ఇసుకను చూస్తున్నారు. మధ్యలో నా కొడుకు, మెడలో విజిల్, చేతిలో టోకెన్ల కట్ట. ఇసుక మీదుగా పోతే సుజాత ఇల్లు దగ్గరే. ఇసుక మొదలయ్యే చోట పాత ఊరివాళ్లు వెదురు బొంగు అడ్డం కట్టారు. బొంగు దగ్గర పోశయ్య అనే పెద్దమనిషి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"టోకెన్ జూపియ్యి అక్కా."

"నాకు బండి లేదు."

"టోకెన్ లేనోళ్లను ఇసుకలకు తోలద్దని రెండూర్లు కలిసున్నప్పటి తీర్మానం. తోలితే నా కొలువు వోతది."

"నడిచొచ్చినోళ్లు ఏం జెయ్యాలె మరి?"

పోశయ్య చాలాసేపు ఆలోచించాడు. "బండి తీస్కొని రావాలె" అన్నాడు.

వెనక్కి వచ్చి శంకర్‌ను అడిగాను. "బండికే ఇస్తం అవ్వా. ఏదో ఒకటి పార్క్ జేస్తెనే టోకెన్. కొత్తూరోళ్లు కానోళ్లకు కాయిదా కాయిదానే" అన్నాడు. గంప తీసి రెండు కార్ల నడుమ పెట్టాను.

"ఇగో, పార్క్ జేసిన."

వాడు గంపను చూశాడు, నన్ను చూశాడు. విజిల్ ఊదాడు. "జర వెనుకకు... ఇంకా వెనుకకు... చాలు" అంటూ గంపను గీతకు సరిగా పెట్టించాడు. టోకెన్ మీద బండి నంబరు ఉండాల్సిన చోట 'కోడి' అని రాశాడు. కన్నతల్లి దగ్గర పది రూపాయలు తీసుకున్నాడు. ఆ టోకెన్ చూసి పోశయ్య లేచి నిలబడి మరీ బొంగు ఎత్తాడు.

బుజ్జిని చూశాక నాకు ఆ పది రూపాయల సంగతి మరుపున పడింది. పిల్ల జుట్టు చీపురు కట్టలా అట్ట కట్టి ఉంది. లోపల గడ్డలు. తాకబోతే "వద్దు అమ్మమ్మా" అని మంచం కిందికి దూరింది. సుజాత గుడ్లనీళ్లు తుడుచుకుంది. నేను తిరుపతిని పిలిచి కూర్చోబెట్టాను.

"బోర్డు మీద పాత అని పక్కాగ రాసేదాక కొత్తూరోళ్లు మా ఇసుకల కాలు వెట్టద్దని తీర్మానం అత్తా. నేనే సంతకం వెట్టిన."

"ఆడు నీ బావ కాదా?"

"బావనే. కని ఉపసర్పంచి సుత గదా!"

శంకర్‌కు ఫోన్ చేశాను. వాళ్ల తీర్మానం ఇంకో రకం: బోర్డు మీద మళ్లీ కొత్త అని రాసేదాకా వాళ్ల పంచాయతీ మెంబర్లు ఎవరూ పాత ఊరి ఇసుక తొక్కకూడదు. "ఇసుక దొక్కితె పదవి వోతదే అవ్వా. పిల్లను గీడికి తోలుమను." పిల్లను కొత్త ఊరి మైదానానికి తోలితే వాళ్లకు లొంగినట్టేనని ఇక్కడ తిరుపతి పదవి పోతుంది. రెండు పదవుల నడుమ పిల్ల నెత్తి పుండవుతోంది.

పొద్దుగూకే ముందు ఒడ్డుకు పోయి నిలబడ్డాను. పోశయ్య బొంగు దగ్గరే ఉన్నాడు.

"ఆ నీళ్లు ఏ ఊరివి పోశయ్యా?"

"నీళ్లా? ప్రాజెక్టోళ్లయి. నీళ్ల మీద ఇద్దరు సుత ఇంకా తీర్మానం జెయ్యలే."

"ఇంకా జెయ్యలేదా? ఐతే జెయ్యకముందే పొద్దున కానిద్దాం."

తెల్లారి ఏడు గంటలకు శంకర్ తమ మైదానం చివర నుంచి నీళ్లలోకి దిగాడు. లుంగీ పైకి కట్టి, నెత్తి మీద ప్లాస్టిక్ కుర్చీ తిరగేసి పెట్టుకుని, చంకలో నేను పార్క్ చేసిన కోడితో ఒడ్డు పొడుగునా నీళ్లలోనే నడిచి వచ్చాడు. ఇసుక తొక్కలేదు. కోడిని నా చేతికిచ్చి, మా ఎదురుగా మోకాటి లోతులో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తిరుపతి బుజ్జిని ఎత్తుకెళ్లి వాడి ఒళ్లో పెట్టాడు. ఆరు నెలలుగా ఇద్దరి నడుమ మాట లేదు, అప్పుడూ లేదు. క్షౌరం చేసే మల్లేశం నీళ్లలో నిలబడి కత్తి తీశాడు.

"శానేండ్ల సంది చేస్తున్న. షాపు మునుగుడు మాత్రం గిదే ఫస్టు" అన్నాడు.

మేనమామ మొదటి కత్తెర వేశాడు. సుజాత కొంగులో పట్టింది. అంతవరకు బాగానే ఉంది. కత్తి నెత్తిని తాకగానే బుజ్జి రెండు ఊళ్లకూ వినపడేలా ఏడుపు ఎత్తుకుంది. శంకర్ బిస్కెట్ చూపించాడు, ఫోన్ చూపించాడు. ఏదీ పనిచేయలేదు. చివరికి మెడలోని విజిల్ ఊదాడు. పిల్ల టక్కున ఆగింది.

"మామా, ఇంకోసారి."

ఊదాడు. ఇంకోసారి అంది. మళ్లీ ఊదాడు. మల్లేశం చకచకా సగం నెత్తి గీసేశాడు.

వరుసగా మూడు విజిళ్లు వినిపిస్తే గొడవైంది, అందరూ రండి అని కొత్త ఊరి గుర్తట. పిల్ల ఏడుపులో శంకర్‌కు ఆ సంగతి గుర్తు లేదు. మైదానం నుంచి కర్రలు పట్టుకుని ఇరవై మంది వచ్చారు. వాళ్లను చూసి పాత ఊరి నుంచి ఇంకో ఇరవై మంది వచ్చారు. దారి తెరిచారనుకుని టోకెన్ల కోసం ఆగిన కార్లలోని జనం చెప్పులు చేత పట్టుకుని పరుగెత్తారు. అందరికంటే ముందు నీళ్లలో దూకింది, బండి లేక టోకెన్ దొరకని బస్సులోని మస్కట్ అతను. అంతమంది దిగేసరికి అలలు లేచాయి. కుర్చీ కాలు ఒకటి ఇసుకలోకి దిగబడింది.

"బావా, కదలకు!" అని తిరుపతి వెనక నుంచి కుర్చీ పట్టుకున్నాడు.

"నేను కదుల్తలేను బావా, కుర్చీ వోతుంది!"

మల్లేశం కత్తి పైకెత్తేశాడు. "గింతమంది కొట్లాటల నేను కత్తి వెట్ట. పిల్లకు తెగితే ఎవనిది జిమ్మేదారి? నేను వోతున్న" అన్నాడు. బుజ్జి నెత్తి ఒక పక్క నున్నగా, ఒక పక్క చీపురులా ఉంది. సుజాత ముఖం పాలిపోయింది. సగం గుండుతో ఆపడం ఎక్కడన్నా ఉందా?

నేను నీళ్లలోకి దిగాను. చీర తడిసినా దిగాను.

"అందరు ఇనుండ్రి. పిల్ల నెత్తి సగమైంది. మిగిలిన సగం అయ్యేదాక ఎవ్వడు కదిలినా, ఎవ్వడు నోరు దెరిచినా, మల్లేశంతోని వాని నెత్తి సుత గొరిగిస్త. ముందుగాల ఉపసర్పంచిది. ఊదురా శంకర్!"

కర్రలు నీళ్ల మీద తేలిపోతున్నా ఎవరూ పట్టుకోలేదు. చిన్నచేపలు కాళ్లు కొరుకుతుంటే ఒకడు పెదవి బిగపట్టుకుని మెలికలు తిరిగాడు గానీ కాలు తీయలేదు. శంకర్ ఊదాడు, తిరుపతి కుర్చీ పట్టుకున్నాడు, మల్లేశం గీశాడు. అయిపోయాక బుజ్జి రెండు చేతులతో నెత్తి తడుముకుంది.

"సల్లగుంది" అని నవ్వింది.

సుజాత కొంగులోని వెంట్రుకలు నీళ్లలో వదిలింది. అక్కడితో వెంట్రుకల మొక్కు తీరింది, నా కష్టం మొదలైంది. పుట్టు వెంట్రుకలకు వచ్చినవాళ్లను తినకుండా పంపకూడదు. కర్ర పట్టుకుని వచ్చినా వచ్చినట్టే. పది మందికి అని బియ్యం పోశాను. ఉన్నది ఒక్క కోడి. గంగమ్మకు చూపించి కోసి వండాక మూడుసార్లు నీళ్లు పోశాను. కోడి గిన్నెలో ఉందన్న నమ్మకం మీదే అందరూ తిన్నారు. కొత్త ఊరివాళ్లు ఉల్లిగడ్డలు తెచ్చారు, పాత ఊరివాళ్లు బియ్యం తెచ్చారు. మస్కట్ అతను నీళ్లలో కాళ్లు పెట్టుకునే తిన్నాడు, బయటికి రమ్మంటే రాలేదు.

ఇంతకీ ఎక్కడ తిన్నారు? ఇసుకలోనే. శంకర్‌తో సహా. ఆ సంగతి చెయ్యి కడుక్కునేటప్పుడు ఎవరో గుర్తు చేశారు. కాసేపు అందరూ కాళ్ల వంక చూసుకున్నారు. తర్వాత బోర్డు మీద ముందు ఏ పేరు రాయాలని మళ్లీ మొదలుపెట్టారు. నేను మర్నాడు బయలుదేరేదాకా అది తేలలేదు. కానీ శంకర్, తిరుపతి ఇప్పుడు ఎదురెదురుగా కూర్చుని, ఒకే పళ్లెంలో అటుకులు తింటూ తిట్టుకుంటున్నారు.

చూడదగిన చోటా అని అడిగితే, అవును. ఇసుక మెత్తగా ఉంటుంది, నీళ్లు పొద్దున చల్లగా ఉంటాయి. ఉండడానికి లాడ్జి లేదు, బంధువులు ఉండాలి. తినడానికి ఏమీ దొరకదు, కట్టుకుని పోవాలి.

తిరిగి వచ్చేటప్పుడు నిర్మల్ బస్టాండులో ఒక జంట కనపడింది. ఇచ్చోడ నుంచి వచ్చారట, గాలి నింపే ట్యూబు కూడా తెచ్చుకున్నారు.

"పెద్దమ్మా, రేగులవాయి బీచ్‌కు ఏ దిక్కుకెల్లి పోవాలె? బోర్డుంటదా?" అని ఆమె అడిగింది.

"బోర్డులు సదవకుండ్రి బిడ్డా, పరేషానైతరు" అన్నాను. "గాడ ఒక గుండు పిల్ల తిరుగుతుంటది. బొంగు కిందికెల్లి ఓపారి మామ దగ్గరికి, ఓపారి నాయిన దగ్గరికి పోతుంటది. దాని ఎనుకనే పోండ్రి. దాన్ని టోకెన్ అడిగే మొగోడు రెండూర్లల్ల లేడు."